440 వోల్టుల ఇన్సులేషన్ పడిపోయి మళ్లీ తనే లేస్తోంది, మూడు ల్యాంపులూ సమానంగానే ఉన్నాయి. ఎక్కడ వెతకాలి?

కవిటి_ఈటీఓ
బల్క్ క్యారియర్ (సరుకు ఓడ) మీద ఈటీఓని, అంటే ఓడ ఎలక్ట్రికల్ ఆఫీసర్‌ని. సింగపూర్ వదిలి నాలుగు రోజులైంది, దక్షిణాఫ్రికా వైపు వెళ్తున్నాం. ఈ ఓడ ఎక్కి మూడు వారాలే.

మెయిన్ స్విచ్‌బోర్డు మీద 440 వోల్టుల ఇన్సులేషన్ మీటర్ (కరెంటు ఓడ ఇనుములోకి కారకుండా ఎంత అడ్డుందో చెప్పేది) మామూలుగా 2 మెగ్ ఓమ్‌ల దగ్గర ఉంటుంది. మొన్న రాత్రి కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఉంటే నా కళ్ల ముందే ముల్లు 0.02కి పడిపోయింది. లేచి ఒక్కొక్క ఫీడర్ (బోర్డు నుంచి వెళ్లే లైను) తీయడం మొదలుపెట్టాను. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి మళ్లీ తనంతట తనే 2కి లేచిపోయింది. నిన్న పగలు కూడా అలాగే ఒకసారి. అలారం ఎందుకు రాలేదా అని చూస్తే, నా ముందున్నాయన సెట్టింగ్‌ని 0.1 నుంచి 0.01కి దించేసి దిగిపోయాడు. హ్యాండోవర్ నోట్స్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

ఏ ఫేజైనా ఓడ బాడీకి తగిలితే చూపించే ఎర్త్ ల్యాంపులు మూడూ సమానంగా వెలుగుతున్నాయి. బటన్ నొక్కి పట్టుకుని చూశాను, ఇసుమంత తేడా లేదు. చీఫ్ ఇంజినీర్ మాట, "ల్యాంపులు సమానం, అలారం లేదు, డ్రైడాక్‌లో చూద్దాం." నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. మన ఊళ్ల వాళ్లలో ఎవరికైనా ఇలాంటిది తగిలిందా?

బారువ_ఆయిలర్
కవిటి అన్నా, మా ఓడలో కూడా ఆ మీటర్ ఎప్పుడూ ఎరుపులోనే ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు. ఓడ నడుస్తూనే ఉంది కదా.

సోంపేట_పెద్దాయన
నడుస్తుంది బాబూ. నడవడానికే అలా కట్టారు. ఓడలో 440 వోల్టుల సిస్టమ్‌కి న్యూట్రల్‌ని హల్‌కి (ఓడ ఇనుప బాడీకి) కలపరు. ఒక ఫేజు బాడీకి తగిలినా బ్రేకర్ పడదు. నడిసముద్రంలో స్టీరింగ్ గేర్ మోటార్‌కి ఎర్త్ అయిందని బ్రేకర్ ఎగిరిపోతే ఓడ గతేమిటి? అందుకని మొదటి ఫాల్ట్‌ని ఓర్చుకునేలా పెట్టారు. ఓర్చుకుని, "నాయనా, వెతుక్కో" అని మనకి చెప్తుంది. ఆ చెప్పే నోరే ఆ మీటర్. నోరు మూసేసి ఓడ నడుస్తోంది అనుకోకూడదు.

నేను 31 ఏళ్లు చేసి దిగాను, ఇప్పుడు జీడితోట చూసుకుంటున్నాను. ఒక ఓడలో ఎడమ స్టీరింగ్ మోటార్ కేబుల్ గ్లాండ్‌లో (కేబుల్ లోపలికి దూరే చోట ఉండే బిగింపు) ఒక ఫేజు ఎర్త్ అయింది. రెండు నెలలు వదిలేశారు. రేవులోకి వెళ్తూ ముందువైపు మూరింగ్ వించ్ ఆన్ చేశారు, దాని మోటార్‌లో ఇంకో ఫేజు తడిసి ఉంది. రెండు ఫేజులూ ఇనుములోంచి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అదిక ఫేజుకీ ఫేజుకీ షార్టే. ఒక్క దెబ్బకి రెండు బ్రేకర్లూ పోయాయి. కుడి స్టీరింగ్ మోటార్ అందుకుంది కాబట్టి బతికిపోయాం. ఆ కొద్ది సెకన్లు కెప్టెన్ ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

కవిటి బాబూ, నీకు నిద్ర పట్టకపోవడం మంచి లక్షణం. వెతుకు.

నెల్లిమర్ల_ఫిట్టర్
నేను మిల్లులో పని చేసినవాడిని, ఓడ ఎక్కలేదు. ఒడ్డున మేం న్యూట్రల్‌ని ఎర్త్ చేసి లీకేజ్ బ్రేకర్ పెట్టుకుంటాం, తప్పు ఎక్కడుంటే అక్కడే పడిపోతుంది, వెతికే పనే లేదు. అది సరే. కానీ ఎర్త్ లేని సిస్టమ్‌లో ఒక మంచి ఉంది కదా, ఒక్క వైరు పట్టుకుంటే షాక్ కొట్టదు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మేం చూసిందే.

చంపావతి
ఫిట్టర్ గారూ, ఈ నమ్మకం ప్రాణం తీస్తుంది. దయచేసి ఇది చదివిన పిల్లలెవరూ నమ్మకండి.

మీ బెంచీ మీద చిన్న ట్రాన్స్‌ఫార్మర్, రెండు గజాల వైరు. అక్కడ మీ మాట దాదాపు నిజమే. ఓడలో కిలోమీటర్ల కేబుల్ హల్‌కి ఆనుకుని పరిచి ఉంటుంది. ప్రతి ఫేజుకీ హల్‌కీ మధ్య ఆ కేబుల్ ఒక కెపాసిటర్. దాని మీద డ్రైవ్‌లలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు అదనం. వైరు కలపకపోయినా ఆ దారిలో సిస్టమ్ హల్‌కి కలిసే ఉంటుంది.

లెక్క చూడండి. ఫేజుకి 5 మైక్రోఫారడ్లు అనుకుందాం. 60 హెర్ట్జ్ దగ్గర మూడు ఫేజులవీ కలిపితే 177 ఓమ్‌ల అడ్డు. వెనక ఉన్నది 254 వోల్టులు. మనిషి ఒళ్లు 1000 ఓమ్‌లు అనుకుంటే ఒంట్లోంచి పోయేది సుమారు 250 మిల్లీ ఆంపియర్లు. మన ఇళ్లలో ప్రాణరక్షణకి పెట్టే బ్రేకర్ 30 దగ్గరే పడిపోతుంది. కెపాసిటెన్స్ 1 మైక్రోఫారడే ఉన్నా 190 వస్తుంది. పైగా ఈ 250 ప్రవహిస్తున్నా ఓడలో ఏ బ్రేకరూ పడదు.

ఇక ఒక ఫేజు అప్పటికే బాడీకి తగిలి ఉంటే, మిగతా రెండు ఫేజులూ హల్‌తో పోలిస్తే 254 నుంచి 440కి లేస్తాయి, అంటే 1.73 రెట్లు. ఒక్క చేయి చాలు.

నెల్లిమర్ల_ఫిట్టర్
లెక్క వేసి చూశాను, మీరు చెప్పినంతే వచ్చింది. ముప్పై ఏళ్లుగా అనుకుంటున్న మాట ఇది. మా అబ్బాయి వచ్చే నెల డెక్ క్యాడెట్‌గా ఎక్కుతున్నాడు, వాడికి ఇదే చూపిస్తాను. థాంక్స్ మేడమ్.

బారువ_ఆయిలర్
మేడమ్ చెప్పింది నా వేలి మీద ఉంది. 220 వోల్టుల లైటింగ్‌లో ట్యూబ్‌లైటు పట్టీ విప్పుతూ, ఒకటే వైరు కదా అని తాకాను. చూపుడు వేలి చివర ఇంకా తెల్ల మచ్చ. నిచ్చెన మీంచి పడ్డాను, కింద బోసన్ ఉండబట్టి తల దక్కింది. పైన నేను రాసిన "ఎవరూ పట్టించుకోరు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మూడులాంతర్లు_క్యాడెట్
విజయనగరం నుంచి. ఈటీఓ కోర్సు చేస్తున్నాను. ల్యాంపులు సమానంగా ఉన్నాయంటే ఫాల్ట్ లేనట్టే అని మాకు చెప్పారు. మరి మీటర్ ఎందుకు పడుతోంది?

సోంపేట_పెద్దాయన
నీ పేరులోనే మూడు లాంతర్లు పెట్టుకున్నావు, కాబట్టి నీకు చెప్పకతప్పదు.

మూడు ఫేజుల నుంచి మూడు ల్యాంపులు, స్టార్‌లో కలిపి, మధ్య బిందువుని బటన్ ద్వారా హల్‌కి ఇస్తారు. ఒక ఫేజు గట్టిగా బాడీకి తగిలితే ఆ ఫేజు ల్యాంపు ఆరిపోతుంది, మిగతా రెండూ ధగధగా వెలుగుతాయి. ఇది పూర్తిగా బాడీకి తగిలిన ఫాల్ట్‌కి. కవిటి బాబుది 0.02 మెగ్ ఓమ్, అంటే 20 వేల ఓమ్‌లు. అంత సన్నటి లీకేజీకి ల్యాంపు వెలుగులో వచ్చే తేడా మనిషి కంటికి ఆనదు. మూడు ఫేజులూ ఒకేలా తడిసి పాడైతే కూడా ల్యాంపులు మూడూ సమానంగానే ఉంటాయి. ల్యాంపు పోలిక చూపిస్తుందంతే. ఇన్సులేషన్ ఎంతుందో మీటరే చెప్పాలి.

మీటర్ పద్ధతి వేరు. సిస్టమ్‌కీ హల్‌కీ మధ్య తన సొంత చిన్న వోల్టేజీ ఒకటి వేస్తుంది. పాతవాటిలో డీసీ, కొత్తవాటిలో తిరగేసి తిరగేసి వేసే పల్స్. ఎంత కారుతుందో చూసి ఓమ్‌లలో చెప్తుంది. సిస్టమ్ నడుస్తుండగానే మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే పరికరం) వేసినట్టన్నమాట.

ఇచ్ఛాపురం_రీఫర్
ల్యాంపుల గురించి నాదొకటి. ఒక ల్యాంపు మాడిపోతే ఎవరో చేతికందిన వేరే వాట్ బల్బు పెట్టారు. ఆ ఫేజు ల్యాంపు మసకగా ఉందని మూడు రోజులు ఓడంతా ఎర్త్ వెతికాను. దొరికింది ఒక్క ఎలుక, అదీ బతికున్నదే.

కవిటి_ఈటీఓ
ల్యాంపులు మూడూ ఒకే రకం, ఇప్పుడే విప్పి చూశాను. అయితే ఇప్పుడేం చేయాలి? ఫాల్ట్ ఉండేది ఇరవై, పాతిక నిమిషాలే. అంతలో అన్ని ఫీడర్లూ తీసి వేయలేను. స్టీరింగ్, నావిగేషన్ ఫీడర్లు బ్రిడ్జ్ అనుమతి లేకుండా ముట్టుకోలేను కూడా.

టెక్కలి_వైండింగ్
లీకేజ్ క్లాంప్ మీటర్ ఉందా? మూడు వైర్లనీ కలిపి క్లాంప్‌లో పెట్టు. లీకేజీ లేకపోతే మూడూ కలిసి సున్నా. ఉన్న ఫీడర్ దొరికిపోతుంది, బ్రేకర్ తీయక్కర్లేదు.

ఇచ్ఛాపురం_రీఫర్
ఒడ్డున దొరుకుతుంది బావా, ఓడలో అంత సులువు కాదు. మేడమ్ చెప్పిన కెపాసిటర్ కరెంటు బాగున్న ఫీడర్లలో కూడా పోతుంటుంది. పొడవాటి కేబుల్ అయితే క్లాంప్ ఏదో ఒకటి చూపిస్తుంది, మనం దానివెంట పరుగెడతాం. ఓడ మీద లొకేటర్ ఉంటే వేరు. అది పల్స్ పంపుతుంది, క్లాంప్ ఆ పల్స్‌నే పట్టుకుంటుంది. అందరి దగ్గరా ఉండదు.

కవిటి_ఈటీఓ
లొకేటర్ లేదు. మామూలు క్లాంప్ ఉంది.

సోంపేట_పెద్దాయన
ముందు అలారం సెట్టింగ్ మళ్లీ 0.1కి పెట్టించు. అప్పుడు అలారం లాగ్‌లో నిమిషంతో సహా టైమ్ పడుతుంది, నువ్వు రాత్రంతా కాపలా కాయక్కర్లేదు. చీఫ్ ఒప్పుకోకపోతే సోలాస్ (ఓడల భద్రత మీద అంతర్జాతీయ ఒప్పందం) 2-1వ అధ్యాయం 45వ నిబంధన చూపించు. ఎర్త్ లేని సిస్టమ్ వాడితే ఇన్సులేషన్‌ని ఎడతెగకుండా కనిపెట్టి, బాగా పడిపోతే చూపుకో చెవికో తెలిసేలా చెప్పే సాధనం ఉండి తీరాలని అందులో ఉంది. 0.01కి దించేస్తే అది చెప్పేదేముంటుంది? గట్టిగా వాదించకు, టీ తాగుతూ మర్యాదగా చెప్పు. చీఫ్ వింటాడు.

ఇంకో మాట. వచ్చి పోయే ఫాల్ట్ అంటే ఏదో మోటారో హీటరో ఆన్ అయినప్పుడు వస్తోంది. కాంటాక్టర్ (దాన్ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) తెరిచి ఉన్నప్పుడు దాని వెనక ఎంత ఎర్త్ ఉన్నా మీటర్‌కి కనిపించదు. టైమ్ దొరికితే దొంగ దొరికినట్టే.

కవిటి_ఈటీఓ
చీఫ్ ఒప్పుకున్నారు. ఆ నిబంధన ఆయనే తీసి చదివారు. సెట్టింగ్ 0.1. రెండు రోజులాగి వస్తాను.

మూడులాంతర్లు_క్యాడెట్
ఈలోగా ఒక డౌట్. 24 వోల్టుల డీసీకి రెండే ల్యాంపులు ఎందుకు? అంత తక్కువ వోల్టేజీకి ఎర్త్ అయితే ఏమవుతుంది?

ఇచ్ఛాపురం_రీఫర్
ప్లస్, మైనస్ రెండే కాబట్టి రెండు. షాక్ సంగతి కాదు తమ్ముడూ, బుద్ధి సంగతి. కంట్రోల్ సర్క్యూట్‌లో స్టాప్ బటన్‌కి ఇటొక ఎర్త్, అటొక ఎర్త్ పడితే ఆ బటన్‌ని హల్ దాటేస్తుంది. నొక్కినా ఆగదు. స్టార్ట్ వైపు పడితే ఎవరూ నొక్కకుండానే మోటార్ తిరుగుతుంది, ఆ సమయానికి దాని మీద ఎవరి చేయి ఉంటుందో.

టెక్కలి_వైండింగ్
ఇలాంటిది మన ఉద్దానంలో చూశాను, తిత్లీ తుఫానప్పుడు. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది, కరెంటు రోజుల తరబడి లేదు. నీళ్ల కోసం అద్దె జనరేటర్లు తెచ్చి బోరు మోటార్లకి ఇచ్చారు. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ బాడీకి కలిపి ఉండదు. టెస్టర్ పెడితే రెండు వైర్లలోనూ సగం సగం వెలుగుతుంది, జనం "వోల్టేజీ తక్కువ" అనుకుని తడి చేత్తో సర్దుతున్నారు. లీకేజ్ బ్రేకర్ కూడా అక్కడ పడదు, కారే కరెంటు తిరిగి వెళ్లే దారి లేదు కదా. నేను ఊరూరా తిరిగి జనరేటర్ న్యూట్రల్‌ని బాడీకి కలిపి, కడ్డీ పాతి, దాని తర్వాత బ్రేకర్ పెట్టి వచ్చాను.

సోంపేట_పెద్దాయన
మా తోటలో కడ్డీ కూడా నువ్వు పాతిందేనా? పొట్టిగా, మీసాలు?

టెక్కలి_వైండింగ్
నేనే బాబాయ్. మీరు పనసపండు ఇచ్చారు.

కవిటి_ఈటీఓ
లాగ్ వచ్చింది. మొదటి రోజు ఓడ టైమ్ ప్రకారం 04:12, 10:12, 16:13, 22:12. రెండో రోజు 03:12, 09:13, 15:12, 21:13. ప్రతిసారీ పాతిక నిమిషాలు, ఒక నిమిషం అటూ ఇటూ.

ఇంకో సంగతి, ఇది నన్ను బాగా కంగారు పెడుతోంది. నిన్న రాత్రి నుంచి 0.02 కాదు, ముల్లు తిన్నగా సున్నా మీదే పడుతోంది. అయినా ల్యాంపులు మూడూ సమానమే! క్లాంప్‌తో అందినన్ని ఫీడర్లు చూశాను, ఎక్కడా తేడాగా అనిపించలేదు. చీఫ్ ఇప్పుడు మీటరే పోయిందంటున్నారు.

బారువ_ఆయిలర్
నాకు గ్యాలీ మీద అనుమానం. పొద్దున్న 4, 10, సాయంత్రం 4. అన్నీ వంట టైములే. హాట్ ప్లేట్లు 440 కదా.

ఇచ్ఛాపురం_రీఫర్
రాత్రి 10కి ఏం వండుతాడు?

బారువ_ఆయిలర్
మర్నాటికి బ్రెడ్ కాలుస్తాడేమో. మా కుక్ కాలుస్తాడు.

టెక్కలి_వైండింగ్
రెండో రోజు గంట ముందుకి జరిగాయి. కుక్ తొందరగా లేచాడా?

భావనపాడు_దీపం
నాకు ఎలక్ట్రికల్ తెలియదు. మా ఆయన ఓడలో సెకండ్ ఆఫీసర్, ఆయన ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. పడమర వైపు వెళ్తున్నప్పుడు ఓడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు కదా, ఆయన రోజూ ఓడ టైమ్ 9కి చేసే ఫోన్ మాకు మర్నాటి నుంచి గంట ఆలస్యంగా వస్తుంది. మీ ఓడలో కూడా ఆ రాత్రి గడియారం తిప్పారా? తిప్పితే 22 తర్వాత వచ్చిన 03 నిజానికి పాత 04. అంటే ఫాల్ట్ టైమ్ మారలేదు, మీ గడియారమే మారింది.

వంటాయన అయితే కొత్త గడియారం చూసే లేస్తాడు. ఇది గడియారం మారిందని తెలియనిదేదో చేస్తున్న పని.

సోంపేట_పెద్దాయన
అమ్మా, 31 ఏళ్ల సర్వీసు ఉంది, నాకు తట్టలేదు. చేతులెత్తి దండం పెడుతున్నాను.

కవిటి_ఈటీఓ
అవునండీ! ఆ రాత్రే గంట వెనక్కి తిప్పాం! అంటే సరిగ్గా ఆరేసి గంటలకొకసారి, మనుషులతో పని లేకుండా.

ఇచ్ఛాపురం_రీఫర్
ఆరు గంటలు, పాతిక నిమిషాలు, టైమర్. మీట్ రూమ్ (మాంసం దాచే చల్లగది) డీఫ్రాస్ట్ హీటర్! కాయిల్ మీద మంచు కరిగించడానికి రోజుకి నాలుగుసార్లు తనే వేసుకుంటుంది. దాని టైమర్‌కి ఓడ గడియారంతో సంబంధం లేదు. రీఫర్ కంటైనర్లలో నేను పట్టిన ఎర్త్‌లలో ఎక్కువ ఈ హీటర్లవే. వర్షంలో అరవై ప్లగ్గులు ఒక్కొక్కటే పీకి వెతికినవాడిని, నా మాట నమ్ము.

చంపావతి
సున్నా అయినా ల్యాంపులు ఎందుకు సమానమో ఇప్పుడు అర్థమైంది. కవిటి గారూ, ఆ హీటర్ మూడు ఎలిమెంట్లు స్టార్‌లో ఉన్నాయా, డ్రాయింగ్ చూస్తారా?

కవిటి_ఈటీఓ
స్టార్. 440 వోల్టులు, త్రీ ఫేజ్.

చంపావతి
అయితే మీ ఫాల్ట్ ఏ ఫేజులోనూ లేదు. స్టార్ పాయింట్‌లో ఉంది.

మూడు ఎలిమెంట్లూ సమానం కాబట్టి అవి కలిసే చోట హల్‌తో పోలిస్తే వోల్టేజీ దాదాపు సున్నాయే. దాన్ని తీసుకెళ్లి నేరుగా హల్‌కి కలిపినా ఏ ఫేజు వోల్టేజీ కదలదు. అందుకే ల్యాంపులు సమానం. అక్కడ తోసే వోల్టేజీ లేదు కాబట్టి 60 హెర్ట్జ్ లీకేజీ కూడా పోదు, మామూలు క్లాంప్‌కి అందుకే దొరకలేదు. మీటర్ మాత్రం తన సొంత వోల్టేజీ వేస్తుంది, అది ఎలిమెంట్ల గుండా నేరుగా హల్‌లోకి కారిపోతుంది. మీటర్ పోలేదు. మీ ఓడలో నిజం చెప్తున్నది అదొక్కటే.

ఇందులో ప్రమాదం లేదనుకోవద్దు. ఆ పాతిక నిమిషాలూ మీ సిస్టమ్ ఎలిమెంట్ల ద్వారా ఎర్త్ అయిపోయినట్టే. అప్పుడు ఎవరైనా ఒక ఫేజు ముట్టుకుంటే కెపాసిటర్లతో కూడా పనిలేదు.

మూడులాంతర్లు_క్యాడెట్
మేడమ్, ఇది నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మా క్లాసులో ఫాల్ట్ అంటే ఎప్పుడూ ఆర్, వై, బీ అనే మూడు ఫేజులలో ఒకటే.

సోంపేట_పెద్దాయన
బాబూ కవిటి, తొందరపడి లోపలికి దూరకు. బ్రేకర్ తీసి తాళం వెయ్యి, తాళం చెవి జేబులో పెట్టుకో. టైమర్ మీద నమ్మకం పెట్టుకోకు, అది నువ్వు లోపల ఉండగానే వేసేస్తుంది. కట్టయిందో లేదో మీటర్‌తో చూసుకో. ఫ్యాన్ బ్రేకర్ కూడా తియ్యి. లోపల -18 ఉంటుంది, బయట ఒక మనిషిని నిలబెట్టు. మెగ్గర్ 500 వోల్టులది చాలు. హీటర్ వైర్లు కాంటాక్టర్ నుంచి విప్పాకే వెయ్యి, లేకపోతే కంట్రోల్ కార్డులకి తగులుతుంది.

కవిటి_ఈటీఓ
దొరికింది.

చీఫ్ కూడా వచ్చారు, తలుపు దగ్గర ఆయనే నిలబడ్డారు. కాయిల్ పక్కన చిన్న జంక్షన్ బాక్స్, నాలుగు స్క్రూల్లో రెండు తుప్పు పట్టి తిరగలేదు. మూత తీస్తే లోపల అరంగుళం మంచు, గాజు పలకలా. మంచులో మునిగి మూడు వైర్ల జాయింట్, మీద నల్ల టేపు. ఎవరో ఎప్పుడో లగ్గు లేకుండా మెలిపెట్టి టేపు చుట్టేశారు. టేపు ఊడదీస్తే లోపల రాగి ఆకుపచ్చగా చిలుం పట్టి, పొడిపొడిగా రాలింది. జాయింట్ అంచు బాక్స్ రేకుకి ఆనుకుని ఉంది. గ్లాండ్ పైకి చూస్తోంది, డీఫ్రాస్ట్ నీళ్లన్నీ తిన్నగా అందులోకే.

జాయింట్ ఉన్నది ఉన్నట్టుగా మెగ్గర్ వేస్తే సున్నా. జాయింట్ కోసేసి ఎలిమెంట్లు విడివిడిగా వేస్తే రెండు 50 పైన, ఒకటి 8 మెగ్ ఓమ్‌లు. ఎలిమెంట్లు బాగానే ఉన్నాయి! కొత్త లగ్గులు క్రింప్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం వేసి, బాక్స్ మార్చి, గ్లాండ్ కిందికి తిప్పి పెట్టాను. మొత్తం నలభై నిమిషాలు, వేళ్లు బిగుసుకుపోయి మధ్యలో రెండుసార్లు బయటికి రావాల్సి వచ్చింది.

టెక్కలి_వైండింగ్
8 ఉన్న ఎలిమెంట్ మీద కన్నేసి ఉంచు. లోపల మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది, చివర సీలు దెబ్బతింటే తేమ పీలుస్తుంది. నాలుగైదుసార్లు వేడెక్కితే ఆరి పైకి లేవాలి. లేవకపోతే మార్చేయ్.

కవిటి_ఈటీఓ
స్పేర్ ఒకటి ఉంది, తీసి పెట్టాను. నిన్న రాత్రి మళ్లీ గడియారం తిప్పాం. 20:12కి నేనూ చీఫూ మీటర్ ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కాంటాక్టర్ టక్కుమంది, హీటర్ ఆంపియర్లు లేచాయి. ముల్లు 2.2 దగ్గరే ఉంది. పాతిక నిమిషాలు అలాగే ఉంది. చీఫ్ ఏమీ అనలేదు. అలారం సెట్టింగ్ పక్కన పెయింట్ మార్కర్‌తో 0.1 అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టారు.

సోంపేట_పెద్దాయన
హ్యాండోవర్ నోట్స్‌లో ఫోటోలతో సహా రాయి. ఇప్పుడు 220 వోల్టుల బోర్డు మీటర్ కూడా చూడు. దానికి ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం ఉంది కాబట్టి అక్కడి ఎర్త్ 440 మీటర్‌లో కనిపించదు, వేరేగా చూసుకోవాలి.

కవిటి_ఈటీఓ
చూశాను, 0.3 ఉంది. రేపటి నుంచి డెక్ లైట్లు మొదలుపెడతాను.

బారువ_ఆయిలర్
నేను కూడా మా ఈటీఓ గారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. రేపు నిచ్చెన పట్టుకోవడానికి నన్నే పిలిచారు. అన్నా, మీ కుక్ గారికి నా తరఫున సారీ చెప్పు.

కవిటి_ఈటీఓ
చెప్పాను. మీట్ రూమ్ హీటర్ ఆగిపోతే తన మాంసం ఏమయ్యేదో అని ఆయన కంగారు ఆయనది. భావనపాడు అక్కా, మీరు చెప్పిన గడియారం సంగతి చెప్తే, ఆవిడ ఎవరో గానీ మా ఇంటికి రమ్మను, స్వయంగా వండి పెడతాను అన్నాడు.

భావనపాడు_దీపం
వస్తాను తమ్ముడూ. ఇప్పుడు మా ఆయన ఫోన్ వస్తోంది, వాళ్ల ఓడ మీటర్ ఎంతుందో అడగాలి.